రంగుల పరుగు పందెం

బందరుకు దగ్గరలో పెడన అని ఒక ఊరు ఉన్నది. గుడివాడ నుంచి బందరు వెళ్ళే రైలు ఆ ఊరి మీదుగానే పోతుంది. అక్కడ కలంకారీ అద్దకం చేసేవారు చాలామంది ఉన్నారు. మీరు ఎప్పుడైనా అటు వెళితే, ఒక అద్దకపు శాలలోకి తొంగి చూడండి. ఒక చిన్న వింత కనబడుతుంది.

పనివాడు చెక్క అచ్చును తడిపి, బట్ట మీద పువ్వులు అద్దుతూ ఉంటాడు. "ఇవి ఎర్రపువ్వులు," అంటాడు. కాని గిన్నెలో ఎర్రరంగు ఉండదు! అందులో ఉన్నది ముఖ్యంగా పటిక. పటిక అద్దిన బట్టను ఆరబెట్టి, పారే నీళ్ళలో జాడించి, రాగి కాగులో రంగునీళ్ళతో ఉడికిస్తారు. పూర్వం ఈ రంగు కోసం చిరివేరు అనే మొక్క వేళ్ళను వాడేవారు. ఇంగ్లీషువాళ్ళు 1611లో బందరులో వర్తకశాల పెట్టిన రోజులలో, కృష్ణ ఒడ్డున తయారయే ఈ ఎర్ర అద్దకాలకు దూరదేశాలలో గొప్ప పేరుండేది.

కాగులో ఉన్న రంగు బట్ట అంతటికీ తగులుతుంది గదా! అయినా పటిక పడినచోటనే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. మిగిలినచోట్ల అంటిన రంగు ఉతుకులో, ఎండలో పోతుంది. నల్లగీతలు కావలసినచోట పటికకు బదులు, తుప్పు పట్టిన ఇనుమూ బెల్లమూ కలిపి ఊరవేసిన నీళ్ళు అద్దుతారు.

అంటే, బట్ట పట్టే గుణం దానిలోనే ఉన్నా, ఆ గుణాన్ని మనిషి మార్చగలడన్నమాట. ఏది ఎక్కడ పట్టుకోవాలో, ఏది జారిపోవాలో ముందుగానే ఏర్పాటు చేయవచ్చు. ఈ కిటుకును జ్ఞాపకం పెట్టుకోండి. దీనితో మనకు ఇంకా పని ఉన్నది.

రెండు చిటికెల పసుపు

ఇప్పుడు బెజవాడ నుంచి తెనాలి వెళ్ళే రైలు ఎక్కుదాం. దారిలో దుగ్గిరాల వస్తుంది. పసుపుకు పేరుపడ్డ ఊరు అది. రైతు పసుపు కొమ్ములను తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపెట్టి సంతకు తెస్తాడు. ఆ కొమ్ము మర ఆడితే మన వంటింటి పసుపు తయారవుతుంది. కూరలో వేస్తాం, గడపకు రాస్తాం, జలుబు చేస్తే పాలలో కలిపి తాగుతాం.

మీ ముందు రెండు కాగితాల మీద రెండు చిటికెల పసుపు ఉన్నదనుకోండి. రెండూ పచ్చగానే ఉన్నవి. రెండో చిటికె ఇంకా నిగనిగలాడుతున్నది. మీరు ఏది తీసుకుంటారు?

తొందరపడకండి! ఆ నిగనిగ పసుపుది కాకపోవచ్చు. మెటానిల్ ఎల్లో అని ఒక కృత్రిమమైన రంగు ఉన్నది. అది తోలుకూ, కాగితానికీ, బట్టలకూ వేసే రంగు. తిండిలో వేయరాదని మన దేశపు చట్టం నిషేధించింది. అయినా, పిండి కలిపి వన్నె తగ్గిన పసుపుకు మెరుపు తేవటానికి దానిని కలిపే మోసగాళ్ళు ఉన్నారు. తిన్నవారి ఆరోగ్యం చెడుతుంది. నిజమైన పసుపు పండించిన రైతుకు చెడ్డపేరు వస్తుంది.

కంటితో చూసి చెప్పలేము. స్పిరిటులో కలిపితే రెండూ పసుపుపచ్చగానే కరుగుతాయి. ఘాటైన ఆమ్లం పోస్తే మెటానిల్ ఎల్లో గులాబిరంగుకు తిరుగుతుంది. కాని గట్టి ఆమ్లంలో అసలు పసుపు కూడా ఎర్రబడుతుంది! తరువాత నీళ్ళు పోస్తే, పసుపు తెచ్చిన ఎరుపు పోతుంది. మెటానిల్ తెచ్చినది నిలిచి ఉంటుంది. ఈ పరీక్ష మంచిదే గాని, రెండు రంగులూ కలిసిపోయి ఉండగా చూసినవాడు తికమక పడవచ్చు. దొంగను గుంపులో ఉండగా పట్టుకోవటం కంటె, గుంపును విడదీసి ఒక్కొక్కరినే నిలబెట్టి చూడటం మేలు గదా!

అలా విడదీసే విద్య ఒకటి ఉన్నది. దాని పేరు క్రొమటోగ్రఫీ. అందులో ఒక సులువైన పద్ధతిని పలుచపొర క్రొమటోగ్రఫీ అంటారు.

బీసెంటు రోడ్డులో ముగ్గురు

ఈ విద్య ఎలా పనిచేస్తుందో తెలియాలంటే పండుగ ముందు బెజవాడ బీసెంటు రోడ్డుకు వెళ్ళాలి. రోడ్డు నిండా జనం. అడుగు తీసి అడుగు వేయనక్కరలేదు. జనమే మనను ముందుకు తోసుకుపోతుంది. ఆ రోడ్డు మొదట అక్క, తమ్ముడు, తాతయ్య ఒకేసారి బయలుదేరారు. రోడ్డుకు రెండు పక్కలా అన్నీ గాజుల దుకాణాలే అనుకుందాం. అక్క ప్రతి దుకాణం ముందూ ఆగుతుంది. తమ్ముడు ఎక్కడో ఒకచోట ఆగుతాడు. తాతయ్య ఆగనే ఆగడు. కొంతసేపటికి చూస్తే తాతయ్య అందరికంటె ముందు, తమ్ముడు నడుమ, అక్క వెనక! బయలుదేరినప్పుడు గుంపుగా ఉన్నవారు విడిపోయారు.

ఇప్పుడు గాజుల దుకాణాలన్నీ తీసివేసి, పుస్తకాల దుకాణాలు పెట్టండి. ఈసారి వెనకబడేది ఎవరు? తాతయ్యే! మనుషులు వారే, రోడ్డు అదే, జనం అదే. దుకాణాలు మారినందువల్ల పందెం ఫలితం తారుమారయింది.

క్రొమటోగ్రఫీలో ఉన్నది ఇంతే. ముందుకు తోసుకుపోయే జనం వంటిది ఒక ద్రవం. దానిని పై తరగతుల పుస్తకాలలో చర ప్రావస్థ అంటారు. కదలకుండా నిలిచి, వచ్చిపోయేవారిని కాస్సేపు ఆపే దుకాణాల వంటిది ఒక పొడి. అది స్థిర ప్రావస్థ. పొడి ఏ అణువును ఎక్కువసేపు ఆపుతుందో అది వెనకబడుతుంది. ఆపనిది ద్రవంతో కలిసి పరుగెత్తుతుంది.

నూరు పొడులు పరీక్షించినవాడు

ఈ విద్యను కనిపెట్టినవాడు మిహాయిల్ త్స్వెత్ అనే రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు. ఆకుపచ్చ ఆకులో ఉన్నది ఒక్క రంగా, అనేకమా అని ఆయనకు సందేహం వచ్చింది. ఒక గాజుగొట్టంలో సుద్దపొడి దట్టించి, దాని మీద ఆకురసం పోసి, పై నుంచి ద్రవం పోస్తూ వచ్చాడు. రసం కిందికి దిగుతూ దిగుతూ పట్టీలు పట్టీలుగా విడిపోయింది. ఒక పట్టీ నీలిమ గల ఆకుపచ్చ, ఒకటి పసుపు కలిసిన ఆకుపచ్చ, కొన్ని పసుపు పట్టీలు! ఈ పద్ధతిని గురించి ఆయన 1903లో వార్సాలో ఉపన్యసించాడు. 1906లో దానికి క్రొమటోగ్రఫీ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ఆ మాటకు "రంగుతో రాయటం" అని అర్థం. వేడుకేమిటంటే, త్స్వెత్ అనే రష్యన్ మాటకు అర్థం కూడా రంగే!

ఆయన ఒక్క సుద్దతో తృప్తిపడలేదు. పంచదార పొడితో సహా నూటికి పైగా పొడులు పరీక్షించాడు. ఏ పొడి దేనిని పట్టుకుంటుందో, ఎంత గట్టిగా పట్టుకుంటుందో చూశాడు. అంటే, దుకాణాలను మార్చి చూడాలన్న ఆలోచన ఈ విద్యతోపాటే పుట్టిందన్నమాట.

గొట్టం పద్ధతికి చాలా పొడి కావాలి, చాలాసేపు పట్టేది. 1938లో ఖార్కోవ్ నగరంలో ఇజ్మైలోవ్ అనే ఆయన, ష్రైబర్ అనే ఆమె కలిసి ఒక ఉపాయం చేశారు. అల్యూమినా పొడిని గాజుపలక మీద పలుచగా పరిచి, నడుమ మూలికల మందు ఒక చుక్క వేశారు. దాని మీద ద్రవం చుక్కలు వేస్తే రంగుల వలయాలు ఏర్పడినవి. గంటల పని నిమిషాలలో అయింది. కాని ఆ పొడి పలకకు అంటుకుని ఉండేది కాదు. గట్టిగా ఊదితే పోయేది.

1951లో అమెరికాలో కిర్క్‌నర్, ఆయన తోటివారు నారింజ, నిమ్మనూనెల పరిశోధన కోసం పొడిలో అంటు కలిపి పలకకు పట్టించారు. జర్మనీకి చెందిన ఎగాన్ స్టాల్ 1956 నుంచి ఈ పద్ధతిని చక్కబరచి, 1958లో ప్రపంచమంతా ఒకే విధంగా చేసుకునేటట్టు ఒక క్రమం ఏర్పరచాడు. పొడి ఎంత సన్నగా ఉండాలి, పొర ఎంత మందం ఉండాలి, అందులో అంటు ఏమిటి అన్నీ నిర్ణయించాడు. అంటుగా వాడింది జిప్సం. అదే కాల్చి తడిపితే గట్టిపడే సున్నపురాయి వంటి ఖనిజం. పొర మందం సాధారణంగా ఒక మిల్లీమీటరులో నాలుగోవంతు.

పలక మీద అట్టు

ఆ పలక తయారుచేయటం మా అమ్మ అట్టు పోసినట్టే ఉంటుంది. సిలికాజెల్ పొడిని నీళ్ళలో కలిపి పిండి జారుగా చేస్తారు. దానిని గాజుపలక మీద పోసి సమంగా పరుస్తారు. ఆరిన తరువాత సుమారు 110 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో అరగంట ఉంచుతారు.

సిలికా అంటే మన కృష్ణ ఇసుకకు చుట్టమే. రెంటిలోనూ ఉన్నది సిలికాన్, ఆక్సిజన్. కాని సిలికాజెల్ రేణువు ఇసుకరేణువు వలె గట్టిముద్ద కాదు. అందులో లెక్కలేనన్ని సన్నని రంధ్రాలు ఉంటాయి. ఒక్క గ్రాము సిలికాజెల్ లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే సుమారు 500 చదరపు మీటర్లు కావచ్చు. మూడు కబడ్డీ బరుల కంటె ఎక్కువ! ఆ గోడల నిండా ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు చేతులు చాచి ఉంటాయి. దగ్గరికి వచ్చిన అణువులను పట్టుకునేవి ఆ చేతులే.

మరి వేడి చేయటం ఎందుకు? ఆ చేతులకు నీళ్ళంటే చాలా ఇష్టం. గాలిలో తేమ ఉంటే దానిని పట్టుకుని కూర్చుంటాయి. చేతులు నిండి ఉంటే ఇంక పరుగెత్తేవాటిని ఆపేది ఎవరు? వేడిచేస్తే నీరు పోయి చేతులు ఖాళీ అవుతాయి. మన కృష్ణా తీరంలో వానాకాలం గాలి ఎంత చెమ్మగా ఉంటుందో మీకు తెలుసు. వేడిచేసిన పలకను ఆ గాలిలో వదిలిపెడితే మళ్ళీ తేమ పట్టి, చుక్కలు మామూలుకంటె పైకి పరుగెడతాయి. అందుచేత పలకలను తేమ తగలని గాజుపాత్రలో మూసి దాచుతారు. పొరకు తెలియకుండా మార్పు జరిగితే పరీక్ష తప్పుతుంది. తెలిసి మార్పు చేస్తే పరీక్ష మెరుగవుతుంది.

తెలిసి చేసే మార్పులు

శాస్త్రజ్ఞులు ఈ పొరను ఎన్నో విధాల మార్చారు. సిలికాకు బదులు అల్యూమినా, పత్తిలో ఉండే సెల్యులోజు, నైలాను జాతికి చెందిన పాలిఅమైడు వాడవచ్చు. లేదా సిలికానే ఉంచి, పెడన పనివాడు బట్టకు పటిక పెట్టినట్టు దానికి వేరొకటి పట్టించవచ్చు.

వెండి సంగతి చూడండి. వేరుశనగనూనె, నువ్వులనూనె మీ ఇంట్లో ఉండేవే. నూనెలలో ఉండే కొవ్వు ఆమ్లాలు పొడుగాటి గొలుసుల వంటివి. కొన్నిటిలో కర్బన పరమాణువులు ఒకచోట రెండేసి చేతులతో పట్టుకుని ఉంటాయి. దానిని ద్విబంధం అంటారు. స్టియరిక్ ఆమ్లంలో ద్విబంధం లేదు, ఓలియిక్‌లో ఒకటి, లినోలియిక్‌లో రెండు. మామూలు సిలికా మీద ఇవి దాదాపు కలిసే పరుగెడతాయి. కాని సిలికాలో సిల్వర్ నైట్రేటు కలిపితే, వెండికి ద్విబంధం అంటే పట్టు గనుక, రెండు ద్విబంధాలు ఉన్నది బాగా వెనకబడుతుంది, ఒకటి ఉన్నది నడుమ నిలుస్తుంది, ఏమీ లేనిది ముందు పోతుంది. 1962లో ఎల్. జె. మారిస్ మొదలైనవారు ఈ వెండిపొరలను వాడి చూపారు. ఒక జాగ్రత్త ఉన్నది. వెలుతురు తగిలితే ఆ పొర నల్లబడుతుంది. అందుచేత చీకట్లో దాచాలి.

ఇంకొక మార్పు మరీ తమాషాగా ఉంటుంది. చేమాకు మీద నీటిబొట్టు అంటకుండా దొర్లిపోవటం చూశారు గదా! సిలికా చేతులకు మైనపు గొలుసుల వంటి వాటిని తగిలిస్తే, నీళ్ళంటే ఇష్టపడే పొర కాస్తా నీళ్ళు గిట్టని పొర అవుతుంది. 1950లో హోవర్డ్, మార్టిన్ అనే ఇద్దరు ఈ విధంగా పొడిని మార్చి వాడారు. ఈ మార్టిన్ క్రొమటోగ్రఫీ పరిశోధనకే సింజ్‌తో కలిసి 1952లో నోబెల్ బహుమానం పొందినవాడు. అలాటి పొర మీద పందెం తలకిందులవుతుంది. మామూలు సిలికా మీద వెనకబడేవి ఇక్కడ ముందుపోతాయి, అక్కడ ముందుపోయేవి ఇక్కడ వెనకబడతాయి. గాజుల దుకాణాలు తీసి పుస్తకాల దుకాణాలు పెట్టినట్టే!

దొంగ దొరికాడు

ఇప్పుడు మన పసుపు దగ్గరికి వద్దాం. పరీక్షశాలలో పలక అడుగున, అంచుకు ఒకటి ఒకటిన్నర సెంటిమీటర్ల పైన మూడు చుక్కలు పెడతారు. ఒకటి మంచి పసుపు కరిగించినది, రెండోది మెటానిల్ ఎల్లో, మూడోది అనుమానపు పసుపు. పలకను మూతగల గాజుపాత్రలో నిలబెడతారు. పాత్ర అడుగున కొద్దిగా ద్రవం ఉంటుంది. క్లోరోఫాంలో కొంచెం మిథనాల్ కలిపినది కావచ్చు. ద్రవం చుక్కలకు కిందనే ఉండాలి. దీపపువత్తిలో నూనె ఎక్కినట్టు, ద్రవం పొరలో పైకి ఎక్కుతుంది.

కాస్సేపటికి మంచి పసుపు చుక్క ఒకటి కాదు, మూడవుతుంది! పసుపుకు రంగునిచ్చేది మూడు అన్నదమ్ములు. పెద్దవాడు కర్‌క్యుమిన్, అందరికంటె పైకి పోతాడు. మిగిలిన ఇద్దరూ ఒకరి కింద ఒకరు నిలుస్తారు. మామూలు సిలికా మీద ఒక్కొక్కప్పుడు ముగ్గురూ తోకలు సాగి ఒకరినొకరు తాకుతూ ఉంటారు. పొరకు ముందుగా ఒక రకం ఫాస్ఫేటు లవణం పట్టిస్తే ముగ్గురూ చక్కగా విడిపోతారు. ఇదీ పటిక పెట్టటం వంటిదే.

మెటానిల్ ఎల్లో మాటేమిటి? అది లవణజాతి రంగు. సిలికా దానిని గట్టిగా పట్టుకుంటుంది. పైకి ఎక్కే ద్రవమేమో దానికి అంతగా గిట్టదు. అందుచేత అది బయలుదేరినచోటి దగ్గరే చతికిలబడుతుంది. అనుమానపు పసుపు దారిలో పైన మూడు చుక్కలు, కింద రెండోచుక్కకు సరిగా ఎదురుగా ఇంకొక పచ్చ చుక్క కనబడితే, దొంగ దొరికినట్టే! తరువాత పెద్ద యంత్రాలతో రూఢి చేసుకుంటారు.

ఎవరు ఎంత పరుగెత్తారో లెక్క కూడా కట్టవచ్చు. ద్రవం 10 సెంటిమీటర్లు ఎక్కి, చుక్క 6 సెంటిమీటర్లు ఎక్కితే, ఆరును పదితో భాగించాలి. వచ్చిన 0.6 ఆ పొర మీద, ఆ ద్రవంలో ఆ చుక్కకు గుర్తు. పొర మారితే గుర్తు మారుతుంది. అందుకే స్టాల్ పొరల విషయంలో అంత పట్టుదల చూపాడు. అందరూ ఒకే బరిలో పరుగెత్తితేగాని ఎవరి వేగమెంతో చెప్పలేము.

పందెంలో రంగు లేనివి పరుగెత్తితే ఎలా కనిపెడతారు? పొరలో మెరిసే పొడి కలిపి, కంటికి కనబడని అతినీలలోహిత కాంతి వేస్తారు. పొరంతా మెరుస్తూ, చుక్కలున్నచోట నల్లగా కనిపిస్తుంది. లేదా అయొడిన్ ఆవిరి పట్టిస్తారు. చాలా చుక్కలు గోధుమరంగుగా బయటపడతాయి.

ఇదంతా వినోదానికి కాదు. 2003లో మన దేశం నుంచి యూరప్‌కు వెళ్ళిన కొన్ని మిరప సరుకులలో సుడాన్ 1 అనే నిషేధించిన ఎర్రరంగు దొరికింది. అప్పటినుంచి ఆ దేశాలు మిరప సరుకులను పరీక్షించనిదే రానివ్వమన్నవి. ఎవరో కొద్దిమంది చేసిన పనికి నిజాయితీగా మిరప పండించినవారందరూ పరీక్షలకు నిలబడవలసివచ్చింది. అటువంటప్పుడు మంచి సరుకు మంచిదే అని నిరూపించేది కూడా ఈ విద్యే.

మీరూ చేసి చూడండి

మందులతో, ఘాటైన ద్రవాలతో మీకు పని లేదు. రెండు తెల్లని సుద్దముక్కలు, నీళ్ళలో కరిగే నల్ల స్కెచ్‌పెన్ను, కాస్త పటిక, నీళ్ళు చాలు.

పటికను నీళ్ళలో కరిగించి, ఒక సుద్దముక్కను అందులో ఒక్కసారి ముంచి తీసి, రెండురోజులు ఎండలో బాగా ఆరబెట్టండి. రెండోదానిని ఉత్త నీళ్ళలో ముంచి అలాగే ఆరబెట్టండి. రెంటికీ అడుగునుంచి ఒక వేలెడు వెడల్పు పైన చుట్టూ నల్లగీత గీయండి. ఒక పళ్ళెంలో గీతకు తగలకుండా కొద్దిగా నీళ్ళు పోసి, రెండింటినీ నిలబెట్టండి. నీరు పైకి ఎక్కుతూ నలుపును వెంట తీసుకుపోతుంది. ఆ నలుపులో నుంచి నీలం, ఊదా, పసుపు వంటి రంగులు విడివడవచ్చు. ఏ రంగు ఎంత దూరం పోయిందో బద్దతో కొలిచి రాసుకోండి.

పటిక పెట్టిన సుద్దమీద పందెం మారిందా, మారలేదా? నేను ముందుగా చెప్పను. అది మీ పెన్నులో ఏ రంగులు కలిపారో, మీ సుద్ద దేనితో చేశారో దాని మీద ఆధారపడుతుంది. మారితే ఏది వెనకబడిందో చూడండి. మారకపోతే ఇంకొక పెన్నుతో మళ్ళీ చేయండి. త్స్వెత్ నూరు పొడులు పరీక్షించాడు. మీరు రెండు సుద్దముక్కలతో ఆగిపోతారా?

ఈసారి అమ్మ పోపులో చిటికెడు పసుపు వేస్తున్నప్పుడు చూడండి. ఆ ఒక్క పచ్చదనంలో ముగ్గురు అన్నదమ్ములున్నారని ఇంట్లో అందరికంటె ముందు మీకు తెలుసు!